ఊళ్ళో మీ ఇల్లెటుపక్క?

మా వైపు మనిషి కులం తెలుసుకోవడానికి కులం అడగక్కర్లేదు. ఏ ఊరని అడుగుతారు, చెబుతాం. "ఊళ్ళో మీ ఇల్లెటుపక్క?" అని రెండో ప్రశ్న వేస్తారు. రామాలయం బజారా, పెద్ద చావిడి దగ్గరా, చెరువు కట్ట దిగువనా? చెరువు కట్ట దిగువన అన్నామంటే మూడో ప్రశ్న ఉండదు. అప్పటిదాకా "మీరు" అన్నవాళ్ళు "నువ్వు"లోకి దిగుతారు, లేకపోతే ఏదో పని గుర్తొచ్చి లేస్తారు. పేరు చూస్తే తెలియకపోవచ్చు. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటది. చదువుతో మాట మారుద్ది, జీతంతో చీర మారుద్ది. ఇల్లున్న దిక్కు మాత్రం మనల్ని పట్టిస్తది.

అందుకని ఇల్లెక్కడ కొనుక్కోవాలన్న ప్రశ్న అందరికీ ఒకటి కాదు. ఆస్పత్రిలో నాతో పనిచేసిన వేరే కులాల సిస్టర్లు ఇల్లు కొనేటప్పుడు నీళ్ళొస్తాయా, బడి దగ్గరా, రోడ్డెంత వెడల్పు, వాకిలి ఎటు అని చూసుకున్నారు. నేనూ అవన్నీ చూశాను. ఒంగోల్లో బతికేవాళ్ళు నీళ్ళ సంగతి చూడకుండా ఇల్లెట్టా కొంటారు? అవన్నీ చూశాక కూడా నాకింకో ప్రశ్న మిగిలింది. ఎవరి మధ్య ఉండాలి? అక్కడ ఉండటానికి నేనేం చెల్లించాలి? డబ్బు సంగతి కాదు నేనంటున్నది.

మా వంశంలో ఇల్లెక్కడుండాలో ఎంచుకున్నవాళ్ళు లేరు. మమ్మల్ని పెట్టారు. మా గూడెం చెరువు అలుగు కింద. వాన గట్టిగా పడితే ముందు మునిగేది మాదిగ్గూడెం, తర్వాత మాలపల్లె. ఊరు మునిగిందన్న మాట మా జేజి ఎన్నడూ వినలేదు. గూడెం చివర మా తాత లంద ఉండేది. ఆ వాసన ఊరి మీదికి పోకుండా గాలి ఎటు కొడతదో చూసి మరీ పెట్టారు. 1878 జూలైలో క్లౌ దొర కాలంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువమంది మాదిగలే. మా ముత్తాతలు కూడా ఆ రోజుల్లోనే తీసుకున్నారని జేజి చెప్పేది. దేవుడు మారాడు, ఇల్లు మారలేదు. గుడిసెల మధ్య చర్చి లేచింది. కొన్నాళ్ళకి ఆ చర్చే మా అడ్రసైంది. "చర్చి దగ్గర" అంటే చాలు, ఎవరికి అర్థం కావాలో వాళ్ళకి అర్థమైపోద్ది.

తర్వాత ప్రభుత్వం ఇళ్ళ స్థలాలిచ్చింది. మా నాయన పేరున మూడు సెంట్ల పట్టా వచ్చింది. ఎక్కడ? పాత గూడేనికి ఇంకా అవతల, ఇంకా పల్లంలో. దానికి కాలనీ అని పేరు పెట్టారు. మా తాతని అక్కడ పెట్టింది ఊరు. మా నాయన్ని ఇంకా అవతల పెట్టింది సర్కారు. ఆ పట్టా అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది. అది మా మంచికే వచ్చింది, లేకపోతే ఎప్పుడో ఏ మోతుబరో రెండు బస్తాల వడ్లకి రాయించుకునేవాడు. అయితే అమ్మకూడని స్థలం మీద బ్యాంకు అప్పివ్వదు. ఆంధ్రలో ఆ చట్టాన్ని సడలించింది మొన్న మొన్ననే. రామాలయం బజారు వాళ్ళ పిల్లలు తండ్రి ఇల్లు తాకట్టు పెట్టి ఇంజనీరింగు చదివారు. మా నాయన ఇల్లు తలదాచుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలా.

నేను 1989లో ఒంగోల్లో స్టాఫ్ నర్సుగా చేరాను. 2006లో ఇల్లు కొన్నాను. ఆ పదిహేడేళ్ళలో ఏడిళ్ళు మారాం. అద్దె కొంపల గురించి మనవాళ్ళు చాలామంది రాశారు, నేను కొత్తగా రాసేదేం లేదు. టులెట్ బోర్డు చూసి పోతే "మీరేమిట్లు?" అనేవాళ్ళు. నర్సునంటే అడగకుండానే తెలుసుకునేవాళ్ళు. ఒకామె ఆస్పత్రిలో నా చేత వారం రోజులు సూదులు వేయించుకుంది. డిశ్చార్జి అయి పోతా "నా కూతురంతదానివి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆర్నెల్ల తర్వాత వాళ్ళ పోర్షను ఖాళీగా ఉందని తెలిసి పోతే, అప్పుడే ఎవరికో మాటిచ్చామంది. బోర్డు ఇంకో రెండు నెలలు వేలాడింది. ఆమె మీద నాకిప్పుడు కోపం లేదు. నా చెయ్యి పట్టుకున్నప్పుడు ఆమెది అబద్ధం కాదు. తలుపు వేసుకున్నప్పుడూ అబద్ధం కాదు. రెండూ ఒకే మనిషిలో ఎట్టా ఇముడుతున్నాయన్నదే నాకు అంతుపట్టదు.

ఇల్లు కొందామని మొదలుపెట్టాక మూడు దారులు కనపడ్డాయి.

ఒకటి కొత్తగా లేచిన కాలనీ. దాని పేరు నేను రాయను. అక్కడ ఒక రిటైర్డు ఉద్యోగి కూతురి పెళ్ళి కోసం ఇల్లు అమ్ముతున్నాడు. నూట యాభై గజాలు, రెండు గదులు, వంటిల్లు, బోరు. బ్రోకరు స్కూటరు మీద మా ముందు దారి చూపిస్తా వచ్చాడు. మా ఆయన బ్యాంకులో గుమాస్తా, ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు, మెల్లగా మాట్లాడతాడు. అది చూసి బ్రోకరు ఏమనుకున్నాడో గాని, గేటు ముందు నిలబడి గొంతు తగ్గించి "ఏరియా చాలా మంచిది సార్. అంతా మనోళ్ళే. ఆ ఇతరులు, వాళ్ళు ఒక్కరూ లేరు" అన్నాడు. అంటే ఆ ఇంటికున్న సుగుణాల్లో మేం అక్కడ లేకపోవడం ఒకటి. దానికి విడిగా రేటు కూడా ఉందని తర్వాత తెలిసింది.

రెండోది ఊళ్ళోనే మనవాళ్ళుండే పేట. చర్చి పక్క సందు. అక్కడ ఇల్లు అమ్ముతున్నాయన సంఘపెద్ద, మాకు దూరపు చుట్టం. ధర తక్కువ. ఆ సందులో నేను తల ఎత్తుకుని నడవచ్చు. ఆదివారం పెద్దకూర వండితే కిటికీలు మూయక్కర్లేదు. రాత్రి డ్యూటీ దిగి తెల్లారగట్ట వస్తే ఎవరో ఒకరు "ఇప్పుడా సిస్టరమ్మా" అని పలకరిస్తారు. కానీ మురిక్కాలవ మూత లేకుండా వాకిట్లోంచే పోద్ది. సందు మొగన సారా కొట్టు పోయి బ్రాందీ షాపొచ్చింది. బ్యాంకు పంపిన వాల్యుయేషన్ ఇంజనీరు గోడలు చూడలేదు, శ్లాబు చూడలేదు. సందు చివర నిలబడి "ఏరియా బాగోదు మేడమ్, ఎక్కువ వెయ్యలేను" అన్నాడు. రిజిస్ట్రేషను ఆఫీసులో వీధివీధికీ గజం విలువ రాసి పెట్టి ఉంటది. రెండు పేటలూ బస్టాండుకి ఒకే దూరం. రెండు చోట్లా మట్టి ఒకటే, నీళ్ళు ఒకటే. విలువ సగానికి సగం తేడా. నేను ఆ కాగితం చూస్తా చాలాసేపు నిలబడ్డాను. మనుధర్మం సంస్కృతంలో ఉందంటారు. మా కంటికి అది రూపాయల్లో, గజానికి ఇంతని కనపడింది.

ఇక మూడోది మా నాయన దారి. "గూడెంలో కట్టమ్మాయా. రోడ్డు మీద స్థలం ఉంది. నువ్వు డాబా లేపితే గూడేనికి గౌరవం" అన్నాడు. నేను డ్యూటీ అంటే, బస్సులు లేవంటే ఊరుకున్నాడు. తర్వాత ఒక మాటన్నాడు. "చదువుకున్నోళ్ళంతా టౌన్లో కూర్చుంటే ఇక్కడ అర్జీ రాసేదెవరు?"

ఆ మాట గుండెలో దిగబడింది. తొమ్మిదో క్లాసు నుంచి గూడెంలో అర్జీలు నేనే రాసేదాన్ని. మంచినీళ్ళ పంపుకి, శ్మశానం దారికి, పింఛన్లకి, కొట్టారని పోలీసు స్టేషనుకి. నేను నర్సు ట్రైనింగుకి పోయాక నా తర్వాతి పిల్లోడు రాశాడు. అతను హైదరాబాదు పోయాడు. మా నాయన అడుగుతున్నది అప్పు. దాన్ని తీర్చాలా వద్దా? తీర్చాలంటే అక్కడే ఉండాలా?

రాత్రి డ్యూటీల్లో వార్డు సద్దుమణిగాక, తెలుగులోకి వచ్చిన అంబేద్కర్ సంపుటాలు చదివేదాన్ని. ఈ ఇంటి ప్రశ్నతో ఆయన దగ్గరికి పోతే నాకు ఒక జవాబు కాదు, నాలుగు దొరికాయి. 1917లో విదేశాల్లో చదువుకుని బరోడాకి ఉద్యోగానికి వస్తే ఆయనకి తలదాచుకునే చోటు లేదు. పార్సీ పేరు రాయించుకుని పార్సీల సత్రంలో ఉన్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. అదే మనిషి 1930ల మొదట్లో పరేలు చాల్ గదుల్లోంచి కదిలి, పుస్తకాల కోసమని బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టుకున్నాడు. ఎక్కడ? హిందూ కాలనీలో. ఆ పేరు చూసి నాకు నవ్వొచ్చింది. మళ్ళీ ఆయన పాల్గొన్న 1942 నాగపూర్ సభలో అంటరానివాళ్ళకి విడిగా గ్రామాలు కావాలని తీర్మానం చేశారు. చివరికి 1956లో ఆగ్రాలో, చదువుకుని బాగుపడ్డవాళ్ళు జాతిని మర్చిపోయారని ఆవేదనపడ్డాడు. దొంగపేరుతో ఉన్నవాడు, వాళ్ళ మధ్యనే దర్జాగా ఇల్లు కట్టినవాడు, విడిగా ఊరే కావాలన్నవాడు, పోయినవాళ్ళని చూసి కుమిలినవాడు, నలుగురూ ఒకరే. ఆయన మాటలోంచి తమకి కావాల్సిన ముక్క తీసుకుని ఎదుటివాళ్ళని తిట్టేవాళ్ళని సభల్లో చూస్తుంటాను. నాకు మాత్రం నాలుగూ ఒకేసారి నిజమనిపించాయి. బతికే మనిషికి ఒక్క జవాబు చాలదు.

విడిగా ఊరు కావాలన్న మాట పుస్తకాల్లోనే ఉండిపోలేదు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని నరికి చంపినప్పుడు నేను ఇంటర్. అప్పుడది మా ప్రకాశం జిల్లాయే. బతికినవాళ్ళు చీరాల చేరారు. తిరిగి ఆ ఊళ్ళో ఉండబోమన్నారు. చీరాల్లో విజయనగర్ కాలనీలో ఇళ్ళు కట్టుకున్నారు. ఇల్లెక్కడ అన్న ప్రశ్నకి ఒక గూడెం గూడెమంతా కలిసి జవాబు చెప్పడం అంటే అదీ. వాళ్ళని "పారిపోయారు" అని ఎవరైనా అనగలరా? పుట్టినచోటే పడి ఉండాలన్నది మాకు చెప్పే నీతి ఎట్టా అవుద్ది? ఆ నీతి పెట్టిందే మమ్మల్ని అక్కడ పెట్టినవాళ్ళు గదా!

మా ఊరి రామాలయం బజారు డాక్టర్లు అమెరికాలో ఉన్నారు. నలభై ఏళ్ళకోసారి సంక్రాంతికొస్తే దండలేసి ఊరేగిస్తారు. "మీరు పోతే ఊరేమైపోవాలి?" అని వాళ్ళనెవరూ అడగరు. మా పిల్ల ఇరవై మైళ్ళ దూరాన ఒంగోల్లో రెండు గదుల ఇల్లు కొంటే "జాతిని వదిలేసింది" అంటారు. గూడెం బాగుచేసే బాధ్యత ముందు గూడేన్ని అట్టా ఉంచినవాళ్ళది. ఆ తర్వాత ఓట్లడిగినవాళ్ళది. నెల జీతం తెచ్చుకునే నర్సు నెత్తిన మాత్రమే దాన్ని ఎందుకు పెడతారు? ఇంతవరకు నా వాదన గట్టిదే. మా నాయనతో కూడా వాదించాను. ఆయన వినీ విని, "వాళ్ళు పోతే ఊరికి లోటేముంది? పొలాలు కౌలుకిచ్చి పోయారు. నువ్వు పోతే మాకు చెయ్యి పోద్ది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షను, ఏ ప్రాంతంలోనైనా సరే ఇల్లు కట్టుకోవడానికి, కొనడానికి, కాపురం ఉండటానికి అంటరానితనం పేరుతో అడ్డుపడితే నేరమంటుంది. ఏ ప్రాంతంలోనైనా సరే! మొదటిసారి చదివినప్పుడు ఆ మాట కింద గీత గీసుకున్నాను. కానీ అంటరానివాళ్ళకి ఇల్లివ్వనని ఎవరు రాసిస్తారు? "అమ్మేశాం" అంటారు. "మా తమ్ముడికి కావాలంట" అంటారు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాదు పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమవాళ్ళకే అని సొసైటీ నియమం పెట్టుకోవచ్చంది. పార్సీలు గుప్పెడుమంది, వాళ్ళ భయం వాళ్ళది, వాళ్ళతో నాకు పేచీ లేదు. ఆ తలుపులోంచి రేపు ఎవరెవరు దూరతారన్నదే నా దిగులు.

ఇంట్లో ఎక్కువసేపు ఉండేది ఆడది. మగవాళ్ళు ఆత్మగౌరవం గురించి సభల్లో మాట్లాడి రాత్రి పదింటికి వస్తారు. కుళాయి దగ్గర, గోడ పక్క, చెత్తబండి దగ్గర ఆ పేటతో కాపురం చేసేది మేం. అందుకని మా ఇంట్లో ఈ నిర్ణయం నేనే చేస్తానన్నాను. మా ఆయన కాలనీ ఇల్లే బాగుందన్నాడు, పిల్లలకి చదువు వాతావరణం అన్నాడు. "మరి చెప్పేద్దామా?" అన్నాను. "అడిగినప్పుడు చూద్దాంలే, మనమే ఎందుకు చెప్పుకోవాలి, వాళ్ళు చెప్పుకుంటున్నారా?" అన్నాడు. అదీ న్యాయమైన మాటే. దాచుకుని బతికేవాళ్ళని నేను తప్పుపట్టను. బాబాసాహెబే ఒకసారి వేరే పేరు రాయించుకోవాల్సి వచ్చింది. అయితే పదకొండో రోజు అనేది ఒకటుంటది. అది ఎప్పుడొస్తుందా అని చూస్తా ఇరవై ఏళ్ళ వాయిదాలు కట్టడం నా వల్ల కాదు. మా అమ్మ వస్తే ఆమె యాస, మా చిన్నాయన వస్తే ఆయన పంచె, ఎవరు వచ్చినా నేను వీధి వంక చూసుకోవాలి. 1994లో మా జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక మా పిల్లకాయలు పేరు చివర మాదిగ అని రాసుకుని తిరిగారు. నేను బోర్డు పెట్టుకోను. కానీ నా సొంత గుమ్మంలో గొంతు తగ్గించుకుని మాట్లాడేట్టయితే అది నాకు ఎనిమిదో అద్దె కొంప.

అడ్వాన్సు ఇవ్వకముందే ఆ రిటైర్డు ఉద్యోగి ఇంటికి పోయాం. ఫలానా ఊరు, ఊళ్ళో మాదిగ్గూడెం మాది, తర్వాత మాట రాకూడదని ముందే చెబుతున్నామన్నాను. ఆయన భార్య లోపలికి పోయింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకేం అభ్యంతరం లేదమ్మా, పక్కవాళ్ళతో ఒకమాట..." అన్నాడు. వారం రోజులు ఫోను లేదు. పెళ్ళి ముహూర్తం దగ్గరపడింది. ఎనిమిదో రోజు ఫోను చేసి, ముందు చెప్పిన దానికి ముప్పై వేలు కలిపి చెప్పాడు. ఎందుకని అడగలేదు. ఇచ్చాం. బ్రోకరు రిజిస్ట్రేషను రోజు మా మొహం చూడలేదు గాని కమీషను లెక్క మాత్రం పైసా వదల్లేదు.

గృహప్రవేశానికి పద్నాలుగు ఇళ్ళు పిలిచాం. నలుగురొచ్చారు. ఇద్దరు కూల్‌డ్రింకు తాగారు. ఒక్క లెక్చరరు గారి భార్య కూర్చుని భోంచేసింది, పప్పులో ఉప్పు తక్కువైందని కూడా చెప్పింది. ఆ రోజు నాకు ఆ ఉప్పు మాట చెప్పలేనంత సంతోషం.

గూడెం అప్పు సంగతి వేరేగా నడిచింది. నేను అనుకుని చేసింది కాదు. ముందు మా చిన్నాయన కూతురు ఇంటర్‌కొచ్చి మా ముందు గదిలో ఉంది. తర్వాత మాలపల్లె నుంచి ఒకమ్మాయి నర్సింగుకొచ్చింది. మాలోళ్ళ పిల్లని మీ ఇంట్లో పెట్టుకున్నావేందని గూడెంలో కొందరు అడిగారు. అదింకో కథ, మాలో మాకున్న గోడలు కూడా తక్కువేం కాదు. ఆస్పత్రికొచ్చేవాళ్ళు, కలెక్టరాఫీసు గ్రీవెన్సుకొచ్చేవాళ్ళు మా అరుగు మీద సద్దిమూట విప్పేవాళ్ళు. అర్జీలు అక్కడే రాసేదాన్ని. "మీ ఇంటికెప్పుడూ ఎవరో ఒకరు వస్తుంటారేం?" అని ఎదురింటామె అడిగింది. మా ఊరోళ్ళు అన్నాను. దీంతో అప్పు తీరిందని నేననను. శ్మశానం దారి ఇంకా పడలేదు. ఊళ్ళో ఉండి రోజూ వెంటపడేవాళ్ళుంటే ఎప్పుడో పడేది.

మా నాయన ఆ ఇల్లు రెండుసార్లు చూసి పోయాడు. ఆయన పోయాక మా అమ్మ నా దగ్గరికొచ్చింది. అమ్మకి ఆ వీధి నచ్చలేదు. "మాట్లాడే మనిషి లేదే. రేపు నేను చస్తే మోసేదెవరే ఇక్కడ?" అనేది. పేట ఎట్టాంటిదో తెలుసుకోవడానికి ఆమె వేసిన ప్రశ్న అదొక్కటే. నేను అడిగిన ప్రశ్నలన్నిటికన్నా అది గట్టిది.

2017లో ఆమె మా ఇంట్లోనే పోయింది. కబురు పోయిన రెండు గంటలకి గూడెం నుంచి ట్రాక్టరొచ్చింది. పాస్టరుగారు పాటలు చాలన్నారు. మా చిన్నాయన వినలేదు, డప్పులు దించాడు. ఆ కాలనీలో అప్పటిదాకా డప్పు మోగలేదు. మేడల మీదకొచ్చి చూశారు. వరండాల్లో నిలబడి చూశారు. లెక్చరరు గారింటి నుంచి కుర్చీలొచ్చాయి, కాఫీ ఫ్లాస్కు వచ్చింది. ఎదురింటాయన మా ఆయన్ని పక్కకి పిలిచి, పిల్లలకి పరీక్షలు, కొంచెం సౌండు తగ్గించమనండి అన్నాడు. మా ఆయన నా వంక చూశాడు. నేను మా చిన్నాయన వంక చూశాను. ఆయన డప్పు గడ్డిమంట మీద కాచుకుంటున్నాడు. నేను ఏం చెప్పలేదు. వీధి మొగ దాటి పెద్ద రోడ్డెక్కేదాకా మోగించుకుంటానే పోయారు. గూడెంలో పూడ్చి, చీకటిపడ్డాక తిరిగొస్తే మా వాకిట్లో గడ్డిమంట బూడిద అట్టాగే ఉంది.

ఎదురింటివాళ్ళు ఆ తర్వాత మాట్లాడలేదు. రెండేళ్ళకి ఇల్లమ్ముకుని పోయారు.